వేలాడే ఊరు

ప్రవేశిక: బతుకు సాగని ప్రాంతం నుండి ప్రజలను మరొక చోటికి తరలించి పేదరికాన్ని తగ్గించాలని చాలా దేశాలు ప్రయత్నించాయి. వాటిలో కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. చైనా దేశంలోని నింగ్‌షియా ప్రాంతంలో 1983 నుండి సాగిన ఒక పెద్ద ప్రయత్నాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

"ఉన్న ఊరు కన్నతల్లి" అన్నారు పెద్దలు. ఊరు విడవడమంటే తల్లిని విడిచినంత బాధ అని దాని భావం. అయితే ఆ పెద్దలే ఎట్టి పరిస్థితులలోనూ ఊరిని పట్టుకొని ఉండమని చెప్పలేదు. ఎలాంటి ఊళ్లో కాపురం ఉండాలి, ఎలాంటి ఊళ్లో అడుగు పెట్టకూడదు అనే సంగతిని సుమతీ శతకకారుడు ఒక కందపద్యంలో తేల్చి చెప్పాడు. అవసరానికి అప్పు పుట్టాలి, జబ్బు చేస్తే వైద్యుడు దొరకాలి, ఏరు ఎండిపోకుండా పారుతూ ఉండాలి. ఇలాంటివి లేని ఊరు ఎంత అందమైనదైనా బతుకు తెరువు చూపదని ఆయన అభిప్రాయం. ఊరిమీద మమకారం ఒక ప్రక్క, ఊరు పెట్టలేని కూడు ఒక ప్రక్క. ఈ రెంటి మధ్య నలిగిన కుటుంబాలు ప్రతి కాలంలోనూ ఉన్నాయి.

కర్ణాటకలోని తుంగభద్ర ప్రాంతంలో ఉన్న తెలుగువారికి ఈ విషయం పుస్తకాలలో చదవవలసిన పని లేదు. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ క్రింద గంగావతి, సింధనూరు తాలూకాలలో నీరు వస్తుందని తెలిసి, కోస్తా జిల్లాల నుండి రైతు కుటుంబాలు తరలివచ్చాయి. సొంత ఊళ్లో ఉన్న కొద్దిపాటి మాగాణి అమ్మితే ఇక్కడ అంతకు ఎన్నోరెట్ల నేల వచ్చేది. వారు ముళ్లకంపలు కొట్టి, మడులు కట్టి, వరి పండించారు. వారు దిగిన చోట్లను క్యాంపులు అన్నారు. నేటికీ ఆ ప్రాంతంలో ఎన్నో ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే మాట ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అలా వచ్చినవారు తమంత తాముగా వచ్చారు. వారి దగ్గర అమ్ముకోవడానికి ఎంతో కొంత భూమి ఉంది, వరిసాగులో అనుభవం ఉంది, ముందు వచ్చిన బంధువుల అండ ఉంది. అమ్ముకోవడానికి ఏమీ లేనివాడు ఊరు మారి రైతు కావడం చాలా కష్టం. అతడు మారితే కూలిగానే మారతాడు. కరవు వచ్చినప్పుడు పట్టణాలకు వలసపోయే కూలీలు ఇందుకు సాక్ష్యం. నిరుపేద ఉన్నచోటనే ఉండిపోవడానికి కారణం బద్ధకం కాదు. బండికి, విత్తుకు, మొదటి పంట చేతికి వచ్చేదాకా తిండికి కావలసిన పైకం అతని వద్ద ఉండదు. ప్రభుత్వమే పూనుకొని పేదలను తరలించాలనే ఆలోచన ఇక్కడ నుండి పుట్టింది.

ప్రభుత్వాలు ప్రజలను కదిలించడంలో రెండు విధాలున్నాయి. ఆనకట్ట కోసమో, గని కోసమో ఊళ్లను ఖాళీ చేయించడం ఒకటి. శ్రీశైలం జలాశయం క్రింద 1981లో సుమారు వంద గ్రామాలవారు ఇలా ఇల్లూవాకిలీ వదిలారు. అక్కడ తరలింపు ప్రాజెక్టు కొరకు, ప్రజల కొరకు కాదు. రెండవది, ఆ నేల మీద ఇక ఎంత కష్టపడినా కూడు పుట్టదని తెలిసినప్పుడు, అక్కడివారి మేలు కోసమే మరొక చోట బతుకు ఏర్పాటు చేయడం. నింగ్‌షియాలో జరిగింది ఈ రెండవది.

నింగ్‌షియా చైనా వాయవ్య భాగంలో ఉన్న చిన్న ప్రాంతం. ఇది 1958లో హ్వే జాతి ముస్లిములకు స్వయంపాలిత ప్రాంతంగా ఏర్పడింది. ఈ చిన్న ప్రాంతంలోనే రెండు వేర్వేరు లోకాలు ఉన్నాయి. ఉత్తరాన హొయాంగ్‌హో నది ప్రవహిస్తుంది. పసుపుపచ్చని నీటి వలన దీనిని పసుపు నది అని కూడా అంటారు. రెండువేల సంవత్సరాలకు పూర్వమే ఇక్కడ కాలువలు తవ్వారు. ఆ కాలువల క్రింద వరి, గోధుమ పండుతాయి. దక్షిణాన ఉన్నది షీహైగూ. షీజీ, హైయ్వాన్, గూయ్వాన్ అనే మూడు పేర్ల మొదటి అక్షరాలను కలిపి ఈ పేరు పెట్టారు.

షీహైగూ అంతా పొడిపొడిగా ఉండే పచ్చమట్టి కొండలు. గాలికి కొట్టుకొని వచ్చి పేరుకొన్న ఈ మట్టిని లోయస్ అంటారు. వాన పడితే పాయలు పాయలుగా కోసుకుపోతుంది. చాలా చోట్ల ఏడాదికి 300 నుండి 400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తెలుగునాట కరవుకు మారుపేరైన అనంతపురంలో కూడా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే అనంతపురం రైతు కూడా జాలిపడవలసిన నేల అది. అక్కడివారు మన ధాన్యపు పాతర వంటి గొయ్యి తవ్వి, లోపల ఎర్రని బంకమట్టి మెత్తి, వాననీటిని, మంచును అందులో నిలవ చేసుకొనేవారు. మనుషులకూ గొర్రెలకూ ఏడాదంతా ఆ నీరే. 1920 డిసెంబరు 16న హైయ్వాన్‌లో వచ్చిన భూకంపంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. కొండచరియలు విరిగి ఊళ్లకు ఊళ్లు మట్టిక్రింద పడిపోయాయి.

కరవు ఒక్కటే అయితే ప్రజలు ఎలాగో గడుపుకొని వచ్చేవారు. జనం పెరిగేకొద్దీ ఏటవాలు కొండలను కూడా దున్నారు. దున్నిన మట్టి వానకు కొట్టుకుపోయింది. వంటచెరకు కోసం పొదలను, గడ్డి వేళ్లను సైతం పెరికారు. పంట తగ్గింది కాబట్టి మరికొంత కొండ దున్నారు. ఇలా పేదరికం నేలను పాడుచేయడం, పాడైన నేల పేదరికాన్ని పెంచడం జరిగింది. ఈ చక్రాన్ని ఉన్నచోట ఉండి ఆపడం కష్టమైంది.

1982 డిసెంబరులో చైనా ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకొన్నది. షీహైగూ, దాని ప్రక్కన గాన్సూ రాష్ట్రంలోని డింగ్‌షీ, హెషీ అనే ప్రాంతాల అభివృద్ధికి 1983 నుండి పదేళ్లపాటు ఏటా 20 కోట్ల యువాన్లు ఇవ్వాలన్నది ఆ నిర్ణయం. తరువాత ఆ గడువును పొడిగించారు. అప్పటి అధికారులు పెట్టుకొన్న సూత్రం తేలికగా గుర్తుండేది. నీరున్న చోట నీటిమీద ఆధారపడాలి. నీరు లేనిచోట మెట్ట పద్ధతులు వెతకాలి. రెండూ కుదరనిచోట వేరే దారి చూసుకోవాలి. ఆ వేరే దారియే వలస.

షీహైగూ వారిని ఉత్తరాన కాలువల దగ్గరకు తెచ్చిన పద్ధతికి 'డ్యావ్‌జ్వాంగ్' అని పేరు. ఆ మాటకు వేలాడే ఊరు అని అర్థం. కుటుంబంలో పనిచేయగలవారు ముందు వెళతారు. ముసలివారు, పిల్లలు కొండమీద పాత ఇంటిలోనే ఉంటారు. పాత భూమి, పాత ఇల్లు కొన్నాళ్లు అలాగే ఉంటాయి. క్రొత్త చోట పంట కుదురుకొన్న తరువాత మిగిలినవారు వచ్చి చేరతారు. కుదరకపోతే వెళ్లినవారు తిరిగి రావచ్చు. రెండు కొసల మధ్య ఒక కుటుంబం ఉయ్యాలలా వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. క్రొత్త ఊరి పరిపాలన కూడా మొదట్లో పాత తాలూకా అధికారుల చేతులలోనే ఉండేది. కష్టం వస్తే చెప్పుకోవడానికి తెలిసిన అధికారి, తెలిసిన యాస ఉండేవి.

ఈ ఏర్పాటు పైకి తికమకగా కనిపిస్తుంది. ప్రభుత్వానికి లెక్కలు కష్టం, ఒక్కొక్క కుటుంబానికి రెండు ఇళ్ల ఖర్చు. కాని పేదవాని దృష్టితో చూస్తే ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. పేదవాడు భయపడేది కష్టానికి కాదు. ఉన్న ఒక్క ఆధారమూ పోయి, క్రొత్తది దక్కకపోతే ఎలా అని భయపడతాడు. వెనుక తలుపు తెరిచి ఉన్నదని తెలిస్తే ముందుకు అడుగు వేస్తాడు. ఈ చిన్న సంగతిని గుర్తించని ప్రభుత్వాలు ఎంత ధనం ఖర్చు చేసినా ప్రజల నమ్మకాన్ని సంపాదించలేకపోయాయి.

మొదట వచ్చినవారి కష్టాలు తక్కువ కావు. వారికి ఇచ్చిన నేల పచ్చని మాగాణి కాదు. కాలువ చివర, అంతవరకు ఎవరూ దున్నని ఇసుక బీడు. నేలలో గుంట తవ్వి, పైన కొమ్మలు, గడ్డి, మట్టి కప్పి అందులో కాపురం పెట్టారు. మడి చదును చేసి విత్తనం చల్లితే ఇసుకగాలి వచ్చి మొలకలను పూడ్చేది. మళ్లీ చల్లేవారు. కొందరు విసిగి కొండకు తిరిగి వెళ్లారు. వారిలో కొందరు ఒకటి రెండు ఏండ్ల తరువాత మళ్లీ దిగి వచ్చారు. అలా పోవడం రావడం తప్పుగా ఎవరూ పరిగణించలేదు.

పారే నీరు అందినంత మేర భూమి త్వరలోనే అయిపోయింది. మిగిలిన బీడు నదికంటే ఎత్తులో ఉంది. నీరు పల్లమెరుగు అంటారు. అక్కడ నీటిని ఎత్తుకు ఎక్కించవలసి వచ్చింది. 1990వ దశకంలో హొయాంగ్‌హో నీటిని అంచెలంచెలుగా పంపులతో ఎత్తి బీడు మీదికి తెచ్చే పథకం వేశారు. పది లక్షల మందిని తరలించడం, 20 లక్షల మూల నేలకు నీరివ్వడం, 300 కోట్ల యువాన్లు ఖర్చు, ఆరేండ్ల గడువు అన్నవి మొదటి లెక్కలు. వీటి మొదటి అంకెలను బట్టి దానిని 1236 పథకం అని పిలిచారు. మూ అన్నది చైనా కొలత. ఆరు మూలు కలిస్తే సుమారు ఒక ఎకరం. ఆచరణలో పథకం ఈ లెక్కలను అందుకోలేదు, గడువూ సరిపోలేదు. అయినా ఆ నీటి మీద 1998లో హోంగ్‌సిపు అనే క్రొత్త వలస ప్రాంతం మొదలైంది. ఒకప్పుడు మనిషి కనిపించని ఆ బీడులో తరువాతి కాలంలో రెండు లక్షల మందికి పైగా స్థిరపడ్డారు. 2009లో అది ప్రత్యేక పాలనా విభాగమైంది.

అక్కడ మనిషికి దక్కిన నేల సుమారు రెండు మూలు, అంటే ఎకరంలో మూడవ వంతు. దానితో తిండి గడుస్తుంది, సంపద రాదు. ఎత్తిపోసిన నీరు కాబట్టి కరెంటు ఖర్చు ఉంటుంది. అందుచేత నీటితోపాటు మరొక ఆదాయం తప్పనిసరి అయింది. ఈ విషయంలో మిన్నింగ్ అనే ఊరి కథ చెప్పుకోదగినది.

1996లో చైనా ప్రభుత్వం సముద్రతీరంలోని సంపన్న రాష్ట్రమైన ఫూజియన్‌కు నింగ్‌షియాను ఆదుకొనే బాధ్యత అప్పగించింది. ఆ పని చూసిన బృందానికి అప్పుడు ఫూజియన్ పార్టీ ఉప కార్యదర్శిగా ఉన్న షీ జిన్‌పింగ్ నాయకుడు. తరువాత ఆయన దేశాధ్యక్షుడయ్యాడు. 1997 జులైలో నింగ్‌షియా రాజధాని ఇన్‌చువాన్‌కు దగ్గరలో ఒక ఊరికి పునాది వేశారు. ఫూజియన్‌కు పొట్టి పేరు మిన్. దానిని నింగ్‌తో కలిపి మిన్నింగ్ అన్నారు. మొదట అక్కడ సుమారు ఎనిమిది వేల మంది ఉండేవారు, తరువాత ఆ సంఖ్య అరవై వేలు దాటింది. ఫూజియన్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు లిన్ జాన్‌షీ చెట్ల దుంగలకు బదులు గడ్డిమీద పుట్టగొడుగులు పెంచే పద్ధతిని కనిపెట్టాడు. ఆయన ఆ గడ్డివిత్తనాలు తీసుకొని వచ్చి వలస రైతులకు ఈ సాగు నేర్పాడు. చిన్న పందిరి, కొంచెం తడి చాలు. ఎకరాల కొద్దీ నేల అక్కరలేదు. దగ్గరలోని హెలాన్ కొండల అడుగున ద్రాక్షతోటలు పెరిగాయి. వాటిలో ఆడవారికి కూలిపని దొరికింది. కొండమీద ఉన్నప్పుడు నీటికోసం నడవడంతోనే పొద్దు గడిచిపోయిన ఆడవారు తొలిసారిగా తమ చేతికి వచ్చిన కూలిడబ్బు లెక్కపెట్టుకొన్నారు. ఈ ఊరి కథ మీద తీసిన టీవీ నాటకం 2021లో చైనా అంతటా ప్రజాదరణ పొందింది.

1983 నుండి నాలుగు దశాబ్దాలలో నింగ్‌షియాలో ఇలా మారినవారు 12 లక్షలకు పైగా ఉన్నారు. వారు వదిలిన కొండలలో కూడా మార్పు వచ్చింది. 2003లో ఆ ప్రాంతమంతటా పశువులను బయట మేపడం నిషేధించారు. దున్నడం మానిన వాలు నేలలో గడ్డి, పొదలు తిరిగి మొలిచాయి. 2020 నవంబరులో షీజీ తాలూకాను పేద తాలూకాల జాబితా నుండి తొలగించారు. నింగ్‌షియాలో ఆ జాబితాలో చివరిగా మిగిలినది అదే. ఇది ప్రభుత్వం గీసుకొన్న గీత ప్రకారం చేసిన లెక్క అని మరవరాదు. 2010 ధరలలో మనిషికి ఏడాదికి 2300 యువాన్ల ఆదాయం అన్నది ఆ గీత. గీత దాటినవారంతా కలిగినవారు కారు. అయినా పాతరలోని మంచునీరు తాగిన కుటుంబానికి కుళాయి నీరు, దగ్గరలో బడి, ఆసుపత్రి దొరకడం చిన్న మార్పు కాదు.

ఇదే ఆలోచన మరొక దేశంలో వేరు ఫలితం ఇచ్చింది. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే ప్రజల మేలుకోరిన నాయకుడు. చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లవారు ఒక గ్రామంగా చేరితే బడి, మందులు, మంచినీరు అందించడం తేలిక అని 1967 నుండి ఆయన ప్రచారం చేశాడు. మొదట ఇష్టమున్నవారే చేరాలన్నారు. చేరేవారు తక్కువైనందున 1973 నవంబరులో, 1976 నాటికి అందరూ గ్రామాలలో ఉండి తీరాలని ప్రకటించారు. లక్షలాది మంది కదిలారు. చాలా చోట్ల లారీలలో ఎక్కించి తెచ్చి దింపారు. తిరిగి వెళ్లకుండా పాత ఇళ్లను కూల్చిన చోట్లు ఉన్నాయి. క్రొత్త గ్రామాలను రోడ్డు ప్రక్కన, అధికారులకు అనువుగా ఉండే చోట గీశారు. అక్కడ నేల ఎలాంటిదో, నీరు ఎంత ఉందో సరిగా చూడలేదు. రైతులు పెంచిన జీడిమామిడి తోటలు మైళ్ల దూరంలో ఉండిపోయాయి. కాపు కోసేవారు లేక ఆ పంట పడిపోయింది. అదే సమయంలో అనావృష్టి తోడై ధాన్యాన్ని విదేశాల నుండి కొనవలసి వచ్చింది. బడులు పెరిగి అక్షరాస్యత హెచ్చిన మాట నిజమే. కాని పొలం పోగొట్టుకొన్న రైతుకు బడి ఒక్కటే కూడు పెట్టలేదు.

నైరేరే సంకల్పంలో లోపం లేదు. నింగ్‌షియాలో నీరు ముందు వచ్చింది, మనుషులు తరువాత వచ్చారు. టాంజానియాలో మనుషులు ముందు వచ్చారు, తక్కినవి తరువాత వస్తాయన్నారు. నింగ్‌షియాలో పాత ఇల్లు కొంతకాలం నిలిచి ఉంది, టాంజానియాలో చాలామందికి ఆ ఇల్లు లేదు.

మైకేల్ చెర్నియా అనే సమాజశాస్త్రజ్ఞుడు ఊళ్ల తరలింపును చాలా ఏండ్లు పరిశీలించి, కదిలినవారికి ఎదురయ్యే ఎనిమిది ప్రమాదాలను గుర్తించాడు. భూమి, పని, ఇల్లు పోవడం మొదటి మూడు. ఇవి అందరికీ కనిపిస్తాయి. సమాజంలో అంచుకు నెట్టబడటం, తిండికి కటకట, రోగాలు పెరగడం తరువాతివి. చివరి రెండు లెక్కలకు అందవు. ఊరుమ్మడిగా వాడుకొనే బీడు, చెరువు, అడవి దక్కకుండా పోవడం ఒకటి, బంధుబలగం చెదిరిపోవడం మరొకటి. పరిహారం లెక్కకట్టే అధికారి గొడ్డు మేసిన పోరంబోకుకు, పురుడు పోసిన పొరుగింటి అవ్వకు ధర కట్టలేడు.

చైనా కూడా తరువాతి కాలంలో తన పాత పద్ధతిని మార్చుకొన్నది. 2016 నుండి 2020 వరకు ఐదేండ్లలో 22 రాష్ట్రాలలో 96 లక్షల మంది పేదలను కదిలించారు. సుమారు 35 వేల క్రొత్త నివాసాలు ఏర్పడ్డాయి. ఈసారి చాలామందికి పొలం ఇవ్వలేదు, పట్టణంలో మేడమీద ఇల్లు ఇచ్చారు. క్రొత్త ఇల్లు తీసుకొన్నవారు పాత ఇల్లు వదులుకోవాలి. దానిని కూల్చి ఆ నేలను సాగుకో, చెట్లకో మళ్లిస్తారు. ఊరు వేలాడే కాలం ముగిసింది.

సిచువాన్ రాష్ట్రంలో అతులేర్ అనే ఊరు సుమారు 800 మీటర్ల కొండకొమ్ము మీద ఉండేది. యీ తెగకు చెందిన పిల్లలు తీగల నిచ్చెనలు పట్టుకొని బడికి దిగే చిత్రాలు 2016లో పత్రికలలో వచ్చాయి. అదే సంవత్సరం 2,556 మెట్ల ఉక్కు నిచ్చెన కట్టారు. 2020 మేలో 84 పేద కుటుంబాలు ఆ నిచ్చెన దిగి పట్టణంలోని ఇళ్లకు చేరాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు అది ఎంత ఊరటో వేరుగా చెప్పనక్కరలేదు. కాని మేడమీది ఇంటిలో కోళ్లు పెంచలేరు, కూరపాదు పెట్టలేరు. కూర, నీరు, వంటగ్యాసు అన్నిటికీ డబ్బు కావాలి. ఇంటికొకరికి పని చూపాలని ప్రభుత్వం నియమం పెట్టి ఇళ్ల దగ్గరనే చిన్న కార్ఖానాలు పెట్టించింది. పడుచువారు ఆ పనులలో చేరారు లేదా దూరపు నగరాలకు వెళ్లారు. అరవై ఏండ్లు దాటిన రైతుకు మాత్రం ఆ పట్టణంలో చేయడానికి ఏమీ లేదు. అతులేర్ వారిలోనూ కొందరు పొలం చూసుకోవడానికి, కొండ చూడవచ్చే యాత్రికులకు తోడుగా ఉండటానికి మళ్లీ మెట్లెక్కారు.

నీరు తెచ్చిన చిక్కులు కూడా లేకపోలేదు. హోంగ్‌సిపులో మురుగు సరిగా పోని నేలల మీదికి ఉప్పు పైకి తేలి చౌడు పట్టింది. తుంగభద్ర ఆయకట్టులోనూ ఇదే జరిగిందని సింధనూరు, గంగావతి రైతులకు తెలుసు. కాలువ తవ్వినంత శ్రద్ధగా మురుగుకాలువ తవ్వకపోతే రెండు దేశాలలోనూ నేల ఒకేలా స్పందించింది. ముందునుండి ఉన్న స్థానికుల సంగతి మరొక చిక్కు. తుంగభద్ర క్రింద నీటి విలువ తెలియని రోజులలో భూమి చౌకగా అమ్ముకొని, తరువాత ఆ పొలాలలోనే కూలికి వెళ్లిన స్థానిక కుటుంబాలు ఉన్నాయి. నింగ్‌షియాలో వలసవారికి ఇచ్చినది చాలావరకు ఎవరూ సాగుచేయని బీడు. అందువలన ఈ బాధ అక్కడ అంతగా రాలేదు.

హోంగ్‌సిపుకు వచ్చినవారు ఒకే ఊరివారు కారు. దక్షిణ కొండలలోని వేర్వేరు తాలూకాలవారు అక్కడ ఇరుగుపొరుగు అయ్యారు. దక్షిణపు యాస వేరు, కాలువల వెంట ఉన్న ఉత్తరపు యాస వేరు. పెద్దలు కొండలలోని తమ యాసను వదలలేదు. పిల్లలు ఇంటిలో ఒక తీరుగా, బడిలో ఒక తీరుగా మాట్లాడుతూ పెరిగారు. పండుగనాడు కుటుంబాలు బస్సెక్కి పాత కొండకు వెళతాయి. ఇళ్లు ఉన్నచోట గడ్డి మొలిచింది. పెద్దల సమాధులు మాత్రం అక్కడే ఉన్నాయి.

కొత్త పదాలు

బీడు = సాగుచేయని నేల; పాతర = ధాన్యం దాచే గొయ్యి; మాగాణి = నీటి వసతి గల పొలం; ఆయకట్టు = కాలువ లేదా చెరువు క్రింద సాగయ్యే భూమి; చౌడు = ఉప్పు తేలిన నేల; అనావృష్టి = వాన లేకపోవడం; పోరంబోకు = ఊరుమ్మడి నేల; కటకట = ఇబ్బంది, కొరత.

అభ్యాసం

1. తుంగభద్ర క్రిందికి వచ్చిన రైతులకు, షీహైగూ నుండి వచ్చిన రైతులకు గల తేడా ఏమిటి?

2. 'వేలాడే ఊరు' పద్ధతి ఎలా పనిచేసింది? దానివలన ప్రభుత్వానికి కలిగిన ఇబ్బంది ఏమిటి, పేదవానికి కలిగిన ధైర్యం ఏమిటి?

3. పేదరికం నేలను పాడుచేస్తుంది, పాడైన నేల పేదరికాన్ని పెంచుతుంది. ఈ మాటను షీహైగూ ఉదాహరణతో వివరించండి.

4. టాంజానియాలో జీడిమామిడి పంట ఎందుకు తగ్గింది?

5. అతులేర్ నుండి దిగివచ్చిన ఒక ముసలి రైతు, అతని మనుమరాలు క్రొత్త ఇంటిని గురించి మాట్లాడుకొంటున్నట్లు పది వాక్యాల సంభాషణ వ్రాయండి.

6. మీ కుటుంబం లేదా మీ ఊరి తెలుగు కుటుంబాలు ఇప్పుడున్న ప్రాంతానికి ఎప్పుడు, ఎందుకు వచ్చాయో ఇంటిలోని పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి. మొదటి ఏడాది వారు ఏం తిన్నారో తప్పక అడగండి.

7. విడదీసి సంధి పేరు వ్రాయండి: జలాశయం, ఏడాదంతా.